గ్రాఫులో కొండ ఎక్కడిది?

పిల్లలూ! ఒక దారం, ఐదు గుండ్లు, ఒక స్టాప్‌వాచీ, ఒక కంప్యూటరు. ఇవన్నీ కలిసి మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు రోజుల పాటు ఎలా తికమక పెట్టాయో చెబుతాను. తికమక పడింది పిల్లలే కాదు సుమా! ముప్ఫై ఏళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్న నేను కూడా పడ్డాను.

లఘులోలకం ప్రయోగం మీకు తెలిసిందే. దారం చివర ఒక గుండు కట్టి, పక్కకు కాస్త లాగి వదిలితే అటూ ఇటూ ఊగుతుంది. గుండు బరువు మారితే ఊగే కాలం మారుతుందా? ఇదీ ఆ రోజు ప్రశ్న. గుండు నడిమి నుంచి పై కొక్కెం దాకా సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండేలా ప్రతిసారీ కొలిచి కట్టాం. గుండ్ల బరువులు 20, 50, 100, 150, 200 గ్రాములు. ఒక్కొక్క గుండుకూ 20 ఊపులు లెక్కపెట్టి కాలం రాసుకున్నాం. (ఊపు అంటే అటు వెళ్ళి తిరిగి రావడం. వెళ్ళడాన్నే ఒక ఊపుగా లెక్కపెట్టి సగం కాలం పట్టుకొచ్చేవాళ్ళు ఏటా ఒకరిద్దరు ఉంటారు!) వచ్చిన కాలాలు వరసగా ఇవి: 39.9, 40.1, 40.3, 40.2, 40.0 సెకన్లు.

ఈ సంఖ్యలు పట్టుకుని కంప్యూటరు గదికి వెళ్ళాం. అక్కడ జూపిటర్ నోట్‌బుక్ అనే సాధనం ఉంది. అందులో పేజీ నిండా గడులు ఉంటాయి. గడిలో పైథాన్ భాషలో ఆజ్ఞలు రాసి, షిఫ్ట్ మీట పట్టుకుని ఎంటర్ నొక్కితే, జవాబు ఆ గడి కిందనే ప్రత్యక్షమవుతుంది. గ్రాఫు గీయమంటే గ్రాఫు కూడా అక్కడే వస్తుంది. ఒక అమ్మాయి చకచకా బరువులూ కాలాలూ కొట్టి ఎంటర్ నొక్కింది. తెర మీద గ్రాఫు వచ్చింది. చూస్తే ఏముంది? ఎడమ నుంచి ఏటవాలుగా పైకి లేచి, 100 గ్రాముల దగ్గర శిఖరం తాకి, మళ్ళీ కిందికి దిగిన పెద్ద కొండ!

“మాస్టారూ! గెలీలియో తప్పు చెప్పాడండీ. గుండు బరువు పెరిగేకొద్దీ లోలకం నెమ్మదిస్తోంది. 100 గ్రాములు దాటాక మళ్ళీ జోరందుకుంటోంది. చూడండి!” అంది ఆ అమ్మాయి. వెనక నిలబడ్డ పదిమందీ అవునవునన్నారు. ఒకడు అప్పటికే రికార్డు పుస్తకంలో రాసేస్తున్నాడు కూడా.

కొండ నిజంగానే ఉంది. కాదనడానికి వీల్లేదు. కాని నేను గ్రాఫు కన్నా ముందు దాని ఎడమ పక్కన నిలబడ్డ గీతను, అదే వై అక్షాన్ని చూశాను. దాని అడుగున సున్నా లేదు. అది 39.9కి కాస్త కింద మొదలై, 40.3కి కాస్త పైన ముగిసింది. అంటే అరచేతి వెడల్పున్న ఆ బొమ్మ ఎత్తంతా కలిపి అర సెకనులోపే! మనం గ్రాఫు కాగితం మీద గీసేటప్పుడు స్కేలు మనమే నిర్ణయిస్తాం కదా. ఇక్కడ నిర్ణయించింది యంత్రం. మీరేమీ చెప్పకపోతే అది మీ సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నదీ పెద్దదీ చూసుకుంటుంది. ఆ రెంటి మధ్య తేడాలో నూటికి అయిదు వంతుల చొప్పున పైనా కిందా ఖాళీ వదులుతుంది. మిగిలిన చోటంతా నిండేలా గీస్తుంది. పాపం, దానికి అవి సెకన్లని తెలియదు, స్టాప్‌వాచీ నొక్కింది మనిషి వేలని అంతకన్నా తెలియదు. తేడా 0.4 అయినా 400 అయినా దానికి ఒకటే. రెంటినీ ఒకే ఎత్తు కొండగా చూపిస్తుంది.

“ఇంకొక్క వరస రాయమ్మా” అన్నాను. పిఎల్‌టి.వైలిమ్(0, 45). ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నానుగాని, కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మధ్యలో చుక్క నిజంగా చుక్కే. వై అక్షం 0 దగ్గర మొదలై 45 దగ్గర ముగియాలని దాని అర్థం. గడిని మళ్ళీ నడిపింది. కొండ మాయం! దాని చోట బల్లపరుపుగా ఒక గీత. సంఖ్యలు అవే, ఒక్కటీ మారలేదు.

నాకు చాలా సంతోషం కలిగింది. ఆ ఊపులో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: “వై అక్షం ఎప్పుడూ సున్నా నుంచే మొదలుపెట్టాలి.” ఆ రాత సంగతి తరవాత చెబుతాను. ముందు ఈ నోట్‌బుక్కు సంగతి చూద్దాం.

నోట్‌బుక్కులో బొమ్మ

1610 జనవరి 7 రాత్రి ఇటలీలోని పాదువా పట్నంలో గెలీలియో తన దూరదర్శినిని గురుగ్రహం వైపు తిప్పాడు. గ్రహం పక్కన ఒకే వరసలో మూడు చిన్న చుక్కలు కనిపించాయి. మర్నాడు చూస్తే అవి చోటు మారాయి. జనవరి 13న నాలుగోది కనిపించింది. అవి గురుగ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాలు. ఆయన ఏ రాత్రి ఏం చూశాడో రాస్తూ, ఆ మాటల మధ్యనే గ్రహానికి ఒక సున్నా, ఉపగ్రహాలకు చుక్కలు వేసి బొమ్మ గీసేవాడు. అదే ఏడు మార్చిలో అచ్చయిన ఆయన పుస్తకంలోనూ బొమ్మలు అలా మాటల మధ్యనే ఉన్నాయి. చదివేవాడు కొలతనూ, బొమ్మనూ, ఆలోచననూ ఒకే చోట చూడగలడన్నమాట.

మన నోట్‌బుక్కు ఉద్దేశం కూడా అదే. ఫెర్నాండో పెరెజ్ అనే భౌతికశాస్త్ర విద్యార్థి 2001లో తన అవసరం కోసం మొదలుపెట్టిన ఐపైథాన్ అనే చిన్న ప్రోగ్రామే పెరిగి పెద్దదై, 2014లో జూపిటర్ అయింది. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు కంప్యూటరు భాషల పేర్లను కలిపి, గెలీలియో గురుగ్రహం నోటు పుస్తకాలను తలుచుకుంటూ ఆ పేరు పెట్టారు. గురుగ్రహాన్ని ఇంగ్లీషులో జూపిటర్ అంటారని మీకు తెలుసు. స్పెల్లింగులో మాత్రం ఒక అక్షరం తేడా ఉంటుంది.

ఇక గ్రాఫులు గీసి పెట్టేది మాట్‌ప్లాట్‌లిబ్. దాన్ని తయారుచేసినవాడు జాన్ హంటర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. మూర్ఛరోగుల మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను తెర మీద చూసుకోవడానికి తగిన సాధనం కావలసి వచ్చి, ఆయన స్వయంగా రాసుకుని, 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. 2012లో 44వ ఏట చనిపోయాడు. 2019లో ప్రపంచమంతా చూసిన కృష్ణబిలం బొమ్మ వెనక కూడా ఆయన ప్రోగ్రాము ఉంది. మా అమ్మాయి గీసిన కొండ వెనకా అదే ఉంది!

వంటపాక వేరు, పంక్తి వేరు

గ్రాఫు గడి కిందికి ఎలా వస్తుంది? పెళ్ళి భోజనాలు గుర్తు చేసుకోండి. మనం కూర్చునేది పంక్తిలో. వంట జరిగేది వెనక పాకలో. పాకలో వండినదాన్ని పంక్తిలోకి తెచ్చి వడ్డించేవాడు మరొకడు. నోట్‌బుక్కులోనూ అంతే. మనకు కనిపించే పేజీ బ్రౌజరులో ఉంటుంది. అది పంక్తి. లెక్కలు చేసేదీ, గ్రాఫు తయారుచేసేదీ కెర్నెల్ అనే వేరే ప్రోగ్రాము. అది పాక. తయారైన గ్రాఫును ఫొటోలాగా తీసి పేజీలో పెట్టే వడ్డనవాడి పేరు ఇన్‌లైన్. గీతల వరసలోనే, గడి కిందనే పెట్టేవాడని అర్థం. పాత నోట్‌బుక్కుల్లో మొదటి గడిలోనే శాతం గుర్తు వేసి “మాట్‌ప్లాట్‌లిబ్ ఇన్‌లైన్” అని రాసి అతన్ని పిలవాల్సి వచ్చేది. ఇప్పుడు పిలవకపోయినా వస్తాడు.

ఈ వడ్డనవాడికి ఒక అలవాటు ఉంది. అది తెలియక మా పిల్లలు గంటసేపు అవస్థ పడ్డారు. గడిలోని ఆజ్ఞలన్నీ పూర్తికాగానే అతను గ్రాఫును వడ్డించేసి, గిన్నె కడిగి బోర్లించేస్తాడు. ఒక కుర్రవాడు గ్రాఫు వచ్చాక, దానికి పేరు పెట్టడం మరిచిపోయానని గుర్తొచ్చి, కింది గడిలో శీర్షిక రాశాడు. ఏమైందనుకున్నారు? పై గ్రాఫుకు పేరు రాలేదు. కింద కొత్తగా ఒక ఖాళీ డబ్బా వచ్చింది. దాని నెత్తిన శీర్షిక, రెండు అక్షాల మీదా 0 నుంచి 1 దాకా అంకెలు, లోపల ఏమీ లేదు! గిన్నె కడిగేశాక తాలింపు వేస్తే అది ఖాళీ గిన్నెలోనే పడుతుంది మరి. అందుచేత గ్రాఫు, దాని పేరు, అక్షాల పేర్లు, హద్దులు అన్నీ ఒకే గడిలో రాయాలి. లేదా గ్రాఫుకు మొదట్లోనే ఫిగ్ అని ఒక పేరు పెట్టి ఉంచుకుంటే, తరవాతి గడిలో మార్పులు చేసి, ఆఖరి వరసలో ఫిగ్ అని రాస్తే మారిన గ్రాఫు మళ్ళీ వస్తుంది.

ఇంకొక చిన్న విచిత్రం. కొన్నిసార్లు గ్రాఫు పైన బ్రాకెట్లలో ఏవో అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ వస్తాయి. తప్పు చేశామేమోనని పిల్లలు బెదిరిపోతారు. తప్పేమీ లేదు. గడిలో ఆఖరి వరస విలువను పేజీ మీద రాయడం నోట్‌బుక్కు స్వభావం. గీత గీసే ఆజ్ఞ కూడా ఒక విలువను ఇస్తుంది గనక దాన్నీ రాసేస్తుంది. ఆఖరి వరస చివర ఒక సెమికోలన్ పెడితే ఊరుకుంటుంది.

బొమ్మ ఫొటో లాంటిదన్నాను కదా. నోట్‌బుక్కును దాచి రేపు తెరిస్తే, పాకలో పొయ్యి వెలిగించకముందే నిన్నటి గ్రాఫులన్నీ కనిపిస్తాయి. అవి ఆ ఫైల్లోనే అక్షరాల రూపంలో ఇరుక్కుని ఉంటాయి. ఇది సౌకర్యమే, ప్రమాదం కూడా. గడిలో సంఖ్య మార్చి, నడపడం మరిచిపోతే, పైన కొత్త సంఖ్య, కింద పాత గ్రాఫు ఉండిపోతాయి. చూసేవాడు రెండూ ఒకటేననుకుంటాడు. రికార్డు నాకు చూపించే ముందు కెర్నెల్‌ను మొదటి నుంచి మొదలుపెట్టి గడులన్నీ వరసగా నడపమని మా పిల్లలకు నియమం పెట్టాను. ఈ నియమాన్ని మాత్రం ఇంతవరకూ వెనక్కి తీసుకోవలసి రాలేదు.

ఇన్‌లైన్ బదులు మరో వడ్డనవాణ్ణి కూడా పిలవవచ్చు. విడ్జెట్ అనేదాన్ని పిలిస్తే (దానికి వేరే ప్యాకేజీ వేసుకోవాలి) గ్రాఫును మౌసుతో జరపవచ్చు, దగ్గరికి తెచ్చి చూడవచ్చు. టీకే అనేదాన్ని పిలిస్తే గ్రాఫు వేరే కిటికీలో తెరుచుకుంటుంది. కాని పాక మన కంప్యూటరులోనే ఉంటేనే ఆ కిటికీ మనకు కనిపిస్తుంది. గూగుల్ కొలాబ్ వంటి వాటిలో కెర్నెల్ ఎక్కడో దూరాన ఉంటుంది గనక అక్కడ అది పనికిరాదు. మౌసుతో ఆడటం సరదాగానే ఉంటుంది, వెతకడానికి మంచిది కూడా. కాని మీరు మౌసుతో ఎక్కడికి జరిపి చూశారో గడిలో ఎక్కడా రాసి ఉండదు. రేపు మరొకరు నడిపితే వాళ్ళకు ఆ బొమ్మ రాదు. నచ్చిన హద్దులు దొరికాక వాటిని వైలిమ్‌తో గడిలో రాసేయాలి.

అంగుళాలు, చుక్కలు, కోడిగుడ్లు

బొమ్మ పరిమాణం అంగుళాల్లో చెప్పాలి. మీరేమీ చెప్పకపోతే మాట్‌ప్లాట్‌లిబ్ 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తు తీసుకుంటుంది. అంగుళానికి 100 చుక్కలు. అంటే 640 చుక్కలు అడ్డంగా, 480 నిలువుగా. నోట్‌బుక్కు అంచుల్లోని తెల్లచోటును కత్తిరించి పెడుతుంది గనక కొలిస్తే కొద్దిగా తేడా వస్తుంది.

బొమ్మ పెద్దదిగా కావాలని ఒకడు 20 అంగుళాలకు 15 అన్నాడు. వచ్చిన బొమ్మ అనుకున్నంత పెద్దదిగా లేదు సరికదా, అక్షరాలు చీమల్లా అయిపోయాయి! కారణం ఏమిటంటే, అక్షరాల కొలత వేరు. అది పాయింట్లలో ఉంటుంది. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. కాగితం పెద్దదైనా అక్షరం అంతే ఉంటుంది. అంత పెద్ద కాగితం పేజీలో పట్టక నోట్‌బుక్కు దాన్ని కుదించింది. కాగితంతో పాటు అక్షరమూ కుదించుకుపోయింది. చదువుకోవడానికి 8 అంగుళాలకు 4 చాలు. మరీ నునుపైన గీతలు కావాలంటే ఎస్‌విజి రూపంలో అడగవచ్చు. అందులో చుక్కలు ఉండవు, “ఇక్కడి నుంచి అక్కడికి గీత గీయి” అనే ఆజ్ఞలే ఉంటాయి. అందుకే ఎంత పెద్దది చేసినా గళ్ళు గళ్ళుగా కనబడదు. కాని లక్ష బిందువుల గ్రాఫుకు దాన్ని వాడితే లక్ష ఆజ్ఞలు మోయలేక పేజీ నత్తనడక నడుస్తుంది.

అక్షాల నిష్పత్తి గురించి ఒక్క ముక్క. గురుగ్రహం ఉపగ్రహం కక్ష్య గీద్దామని పిల్లలు సైన్, కొసైన్‌లతో వృత్తం గీస్తే కోడిగుడ్డు వచ్చింది. కాగితం అడ్డంగా వెడల్పు, నిలువుగా పొట్టి కదా, యంత్రం దాన్ని నింపాలని సాగదీసింది. అక్షాల కొలత రెండువైపులా సమంగా ఉండాలని, “ఈక్వల్” అని చెబితే గుడ్డు మళ్ళీ వృత్తమైంది.

తెలుగు మాటేమిటని మీరు అడుగుతారు. మేమూ ప్రయత్నించాం. గ్రాఫు కింద “బరువు” అని రాస్తే అక్షరాల చోట ఖాళీ గళ్ళు వచ్చాయి. మాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు ఫాంటు పేరు చెప్పి చూశాం. గళ్ళు పోయాయిగాని, మా కంప్యూటరులో ఉన్న కూర్పులో ఒత్తులు సరిగా అతకలేదు. “గ్రాములు”లో రావొత్తు విడిపోయి పక్కన కూర్చుంది. అదే మాటను గ్రాఫులో కాకుండా నోట్‌బుక్కు పేజీలో శీర్షికగా రాస్తే ముత్యంలా వచ్చింది. ఎందుకంటే పేజీ మీది అక్షరాలు రాసేది బ్రౌజరు, దానికి తెలుగు వచ్చు. గ్రాఫులోని అక్షరాలు గీసేది పాకలోని వంటవాడు. అందుకని గ్రాఫులో అంకెలూ ఇంగ్లీషూ ఉంచి, వివరమంతా పైన తెలుగులో రాసుకున్నాం.

బోర్డు మీది రాత

ఇక నా సూత్రం సంగతి. మర్నాడు ప్రశ్న మార్చాం. ఈసారి గుండు ఒక్కటే, 200 గ్రాములది. దారం అదే 100 సెంటీమీటర్లు. మార్చింది లాగే కోణాన్ని: 10 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా. పెద్ద కోణాల్లో ఊపు త్వరగా తగ్గిపోతుంది గనక 10 ఊపులే లెక్కపెట్టాం. ఒక్కొక్క కోణానికి మూడేసి సార్లు కొలిచి సగటు తీశాం. వచ్చినవి ఇవి: 20.1, 20.2, 20.4, 20.6, 20.9, 21.3 సెకన్లు.

పిల్లలు బుద్ధిమంతులు. బోర్డు మీద రాసింది రాసినట్లు పాటించారు. వై అక్షం 0 నుంచి 25. తెర మీద ఇంచుమించు బల్లపరుపు గీత. కుడి చివర చూసీచూడనంతగా ఎత్తు. “కోణం మారినా కాలం మారదు” అని ముప్ఫై పుస్తకాల్లో రాసేశారు. గెలీలియో కూడా అలాగే నమ్మాడు. నేనూ సంతకాలు పెట్టడానికి కలం తీశాను.

నిన్న కొండ చూసి మోసపోయిన అమ్మాయే మళ్ళీ లేచింది. “మాస్టారూ, నేను మీరు చెప్పింది కాకుండా ఇంకోలా కూడా గీశానండీ” అంది కాస్త భయంగా. ఆమె గ్రాఫులో వై అక్షం 19.5 నుంచి 22 దాకా ఉంది. అందులో గీత మెట్టు మెట్టుగా, ఎక్కడా వెనక్కి తగ్గకుండా పైకి ఎక్కుతోంది. “నిన్నటి కొండలాంటిదే” అన్నారు మిగతావాళ్ళు నవ్వుతూ. నేనూ అలాగే అనబోయి ఆగాను. నిన్నటి సంఖ్యలు పైకీ కిందికీ పోయాయి. ఇవి ఆరుకు ఆరూ పైకే పోతున్నాయి. మరి ఏది నిజమైన ఎక్కుడు, ఏది బూటకం? దీన్ని సున్నా చెప్పదు. గ్రాఫు అందం అసలే చెప్పదు.

చెప్పగలిగింది ఒకటే, మన కొలతలో తప్పు ఎంత ఉండవచ్చు అన్నది. గుండు చివరికి వచ్చిందని కన్ను చూసిన క్షణానికీ, వేలు మీట నొక్కే క్షణానికీ మధ్య సుమారు 0.2 సెకను పోతుంది. కనుక ప్రతి కొలతకూ పైకి 0.2, కిందికి 0.2 అనుమానం ఉంచుకోవాలి. దీన్ని గ్రాఫులోనే చూపించవచ్చు. ప్లాట్ అనే మాట బదులు ఎర్రర్‌బార్ అని రాసి ఆ 0.2 చెబితే, ప్రతి బిందువుకూ నిలువుగా ఒక చిన్న పుల్ల గుచ్చుతుంది. నిన్నటి ఐదు బిందువులకూ పుల్లలు గుచ్చాం. 40.1 దగ్గర ఒక అడ్డగీత గీస్తే అది ఐదు పుల్లలనూ తాకింది. కొండ ఉండి తీరాలనడానికి ఆధారం లేదన్నమాట. ఈనాటి బిందువులకూ గుచ్చాం. 10 డిగ్రీల పుల్ల 19.9 నుంచి 20.3 దాకా, 60 డిగ్రీల పుల్ల 21.1 నుంచి 21.5 దాకా. వాటి మధ్య 0.8 సెకను ఖాళీ! ఏ అడ్డగీతా రెంటినీ తాకలేదు. కనుక కోణంతో కాలం పెరుగుతున్న మాట నిజం.

సిద్ధాంతం కూడా అదే చెబుతుంది. గుండును వెనక్కి లాగే బలం కోణాన్ని బట్టి కాదు, కోణం సైన్‌ను బట్టి ఉంటుంది. చిన్న కోణాల్లో రెండూ ఇంచుమించు ఒకటే. 60 డిగ్రీలను రేడియన్లలో చెబితే 1.047, దాని సైన్ 0.866 మాత్రమే. లాగే బలం ఉండవలసినంత లేదు గనక గుండు కాస్త ఆలస్యంగా తిరిగొస్తుంది. లెక్క ప్రకారం 60 డిగ్రీల దగ్గర కాలం నూటికి 7 వంతులు పెరగాలి. మాకు 6 వచ్చింది. పది ఊపుల్లో గాలి వల్ల కోణం తగ్గుతూ వచ్చింది కదా. మీ పాఠ్యపుస్తకంలో “చిన్న కోణాలకు” అని ఒక మాట ఉంటుంది చూడండి. పరీక్షలో చాలామంది వదిలేసే మాట అదే.

ముప్ఫై పుస్తకాల్లో రాసింది కొట్టేయించాను. బోర్డు మీది రాతను ఆ అమ్మాయి చేతనే తుడిపించాను. అసలు నేను ఆలోచించవలసింది. ఆస్పత్రిలో రోగి మంచం దగ్గర వేలాడే జ్వరం పట్టీ సున్నా నుంచి మొదలవడం ఎవరైనా చూశారా? 98.6 డిగ్రీలకూ 103 డిగ్రీలకూ ఉన్న తేడా అలాంటి పట్టీలో కనబడనే కనబడదు, జ్వరం మాత్రం మనిషిని పడేస్తుంది. 2015లో అమెరికాలోని లైగో పరిశోధనశాలలు గురుత్వ తరంగాన్ని మొదటిసారి పట్టుకున్నాయి. 2016లో ఆ సంగతి ప్రకటించినప్పుడు, ఎవరైనా గీసి చూసుకోవచ్చునని ఆ కొలతలను నోట్‌బుక్కుతో సహా అందరికీ ఇచ్చారు. అందులో వై అక్షం మీది సంఖ్యలు పది ఘాతం మైనస్ 21 మోతాదులో ఉంటాయి. దశాంశ చుక్క తరవాత ఇరవై సున్నాలన్నమాట! ఆ అక్షాన్ని ఒకటి దాకా సాగదీస్తే గురుత్వ తరంగం ఏమై ఉండేది?

అయితే కమ్మీల గ్రాఫు విషయం వేరు. అక్కడ కన్ను చూసేది కమ్మీ పొడవును. 50కి కమ్మీ 25 కమ్మీకి రెట్టింపు ఉండాలి. దాన్ని మాత్రం సున్నా నుంచే మొదలుపెట్టాలి. అలాగే రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టేటప్పుడు రెంటికీ ఒకే స్కేలు ఉండాలి. రామగుండం, విశాఖపట్నం ఉష్ణోగ్రతలను యంత్రానికి వదిలేస్తే దేని స్కేలు దానికి వేసి, రెండు ఊళ్ళలోనూ ఎండా చలీ ఒకే విధంగా ఎగిరిపడుతున్నట్లు చూపిస్తుంది. సముద్రం పక్కనున్న విశాఖలో అంత ఊగిసలాట ఉండదు. షేర్‌వై అనే మాటకు ట్రూ అని చెబితే రెండు బొమ్మలకూ ఒకే వై అక్షం పడుతుంది.

కంప్యూటరు అందుబాటులో లేనివాళ్ళు విచారించనక్కరలేదు. గ్రాఫు కాగితం, గట్టి పెన్సిలు చాలు. మా ఆరు సంఖ్యలు పైన ఇచ్చాను. వాటిని మూడుసార్లు గీయండి: ఒకటి 0 నుంచి 25, ఒకటి 20 నుంచి 21.5, ఒకటి మీకు తోచిన హద్దులతో. మూడింటిలోనూ 0.2 సెకను పుల్లలు గుచ్చండి. మొదటి గ్రాఫులో పుల్ల ఎంత పొడవు వస్తుందో స్కేలుతో కొలిచి చూడండి. తరవాత మీరే లోలకం కట్టి, 60 బదులు 70 డిగ్రీలకు లాగి కొలవండి. దారం గట్టిదై ఉండాలి, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. కాలం వచ్చాక, పెన్సిలు పట్టకముందే, వై అక్షం ఎక్కడి నుంచి ఎక్కడికో, ఎందుకో ఒక వరసలో రాసి పెట్టుకోండి.